ఏడో గది కట్టుడు పళ్ళు

ఆమెను ఆ వృద్ధుల హోమ్‌లో అందరూ గడియారం పిన్ని అనేవారు. మంచంలోంచి కదలలేని ముసలివాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే వీపు పుండ్లు పడుతుంది. మిగతా ఆయాలు గోడ మీది గడియారం చూసుకుని, నాలుక కరుచుకుని పరిగెత్తేవారు. పిన్ని గడియారం వైపు చూసేది కాదు. ఎక్కడున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, వేళయ్యేసరికి ఆ మంచం పక్కన ఉండేది. పదమూడేళ్ళ ఉద్యోగంలో ఆమె చేతి కింద ఒక్కరికీ పుండు పడలేదని పేరు. ఆ పేరు ఆమెకు ఒంటి మీద నగలాంటిది. నగ ఉన్నవాళ్ళకే దొంగభయం అన్నట్టు, అది ఎప్పుడు ఎలా పోతుందోనన్న బెదురు కూడా మొదటి నుంచీ ఆమె వెంటే ఉండేది.

చదువుకుని చేరిన ఉద్యోగం కాదది. పెళ్ళయిన నాలుగో ఏట అత్తగారికి పక్షవాతం వచ్చింది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లవారకముందే వెళ్ళి, చేతులకు గ్రీజుతో పొద్దుగూకాక వచ్చేవాడు. ఆరేళ్ళపాటు అత్తగారికి అన్నీ కోడలే. ఆ ఆరేళ్ళలో ఆమెకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. నోరు పడిపోయినా మనిషి ఒళ్ళు మాట్లాడుతూనే ఉంటుంది. కనుబొమలు ముడిపడితే ఒక అర్థం, కాలివేళ్ళు బిగిస్తే ఇంకో అర్థం. అత్తగారు పోయాక, ఇంటికొచ్చి సూదులు వేసి వెళ్ళే నర్సు "ఈ చేతుల్ని ఊరికే కూర్చోబెట్టకమ్మా" అని చెప్పి, తనే వెంటబెట్టుకెళ్ళి హోమ్‌లో చేర్పించింది.

అది మూడంతస్తుల వృద్ధుల హోమ్. కర్మాగారాల్లో, రేవులో, దుకాణాల్లో పని వెతుక్కుంటూ నాలుగు దిక్కుల నుంచీ వచ్చి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే ముసలివాళ్ళయిన జనం అందులో ఉండేవారు. ఒక వరండాలో నడిచి వెళ్తే అయిదారు భాషలు చెవిన పడేవి. గుమ్మంలోకి అడుగుపెట్టగానే తొమ్మిది భాషల్లో రాసిన పెద్ద బోర్డు: 'మీ భాషే మా భాష.' ప్రతి గదిలోనూ బొమ్మల అట్ట ఒకటి వేలాడదీశారు. తలనొప్పికి తల బొమ్మ, దాహానికి గ్లాసు బొమ్మ. చూడవచ్చిన పెద్దమనుషులందరూ ఆ అట్టలను మెచ్చుకుని వెళ్ళేవారు. ముసలివాళ్ళకు మాత్రం ఆ బొమ్మలు కళ్ళద్దాలు పెట్టుకుంటే తప్ప కనిపించేవి కావు. కళ్ళద్దాలు ఎక్కడ పెట్టారో అడగడానికి అట్ట మీద బొమ్మ లేదు.

పిన్నిని ఎప్పుడూ భయపెట్టే విషయం ఇంకొకటి. మతిమరుపు ముదిరేకొద్దీ, మనిషి ఆఖరున నేర్చుకున్న భాష ముందు పోతుంది. నలభై ఏళ్ళు అందరితో ఉమ్మడి భాషలో గలగలా మాట్లాడినవాళ్ళు, ఒకనాటి పొద్దున్న లేచి తల్లి దగ్గర నేర్చుకున్న మాటల్లోకి వెళ్ళిపోతారు. తలుపు లోపల గడియ పడ్డట్టే. బయట నిలబడినవాళ్ళు ఎంత తట్టినా లాభం లేదు.

ఏడో గదిలో దర్జీ తాతకు అదే అయింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. యాభై ఏళ్ళు బజారు వీధిలో కుట్టుమిషను తొక్కాడు. మంచం మీద కూర్చున్నా దుప్పటి అంచు మడిచి, లేని సూదితో కుట్టు వేస్తూనే ఉండేవాడు. ఎక్కడో కొండల అవతల నుంచి పదహారేళ్ళప్పుడు వచ్చాడట. ఆయన భాష బోర్డు మీది తొమ్మిదింటిలో లేదు. ఫైలులో 'భాష' అన్నచోట 'ఇతర' అని రాసి ఉండేది.

అదే గదిలో రెండో మంచం పోస్టుమాస్టరుగారిది. ఆయనది వేరే భాష, వేరే దిక్కు. ఇద్దరూ రోజూ సాయంత్రం చదరంగం ఆడేవారు. ఎవరి నియమాలు వాళ్ళవి, ఎవరి భాషలో తిట్లు వాళ్ళవి. ఇద్దరూ రోజూ గెలిచేవారు. ఒక గురువారం పొద్దున పోస్టుమాస్టరుగారికి ఆయాసం ఎక్కువై, ఉన్నపళంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగోరోజు అక్కడే పోయారు. అదే గురువారం మధ్యాహ్నం నుంచి పిన్నిని పైఅంతస్తులోని ఆడవాళ్ళ వైపుకు మార్చారు. అక్కడ ఇద్దరు ఆయాలు ఒకేసారి మానేశారు.

మూడు వారాల తరవాత ఆమె తిరిగి కింది అంతస్తుకు వచ్చింది. ఏడో గది తలుపు తీసి గుమ్మంలోనే ఆగిపోయింది.

దర్జీ తాత మెడ దగ్గర ఎముకలు పైకి తేలి ఉన్నాయి. కళ్ళు సగం మూసుకుని, తల ఒక పక్కకు వాలి ఉంది. దుప్పటి అంచు చదునుగా ఉంది. చేతులు దాని మీద కదలకుండా పడి ఉన్నాయి. పిన్నికి ముందు కనిపించినవి ఆ చేతులే.

ఫైలు తీసి చదివింది. 'తిండికి మొండికేస్తున్నాడు.' 'చెంచా విసిరేశాడు.' 'ఆయాను కొట్టబోయాడు.' ఆ తరవాత డాక్టరు రాసిన మందు, పూటకొకటి, నెమ్మదిగా ఉండటానికి. 'నోటి శుభ్రత' అన్న గడిలో మాత్రం ప్రతిరోజూ తప్పకుండా టిక్కు పెట్టి ఉంది.

కొత్తగా చేరిన ఆయా జావ గిన్నె తెచ్చింది. గ్లాసులోంచి కట్టుడు పళ్ళు తీసి, దులిపి, ఆయన నోట్లో పెట్టబోయింది. మగతలో ఉన్న మనిషి ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు.

"ఒషెవా," అన్నాడు. మళ్ళీ అన్నాడు, "ఒషెవా."

"వద్దని పిన్నీ," అంది ఆయా. "పొద్దస్తమానం అదే మాట. పళ్ళు వద్దు, జావ వద్దు, ఏదీ వద్దు. ఇప్పుడందరం వద్దు తాత అంటున్నాం."

పిన్ని నవ్వలేదు. వద్దనేవాడు చేత్తో తోసేస్తాడు. ఈయన తోయడం లేదు. రెండు అరచేతులూ పైకి తిప్పి, నిదానంగా, మొద్దు పిల్లవాడికి లెక్క నేర్పుతున్న మాస్టరులా ఆ మాట చెబుతున్నాడు. చెప్పి ఎదురుచూస్తున్నాడు. ఎవరికీ ఎక్కడం లేదని తెలిశాక కళ్ళు మూసుకుంటున్నాడు.

ఆదివారం ఆయన కూతురు వచ్చింది. నలభై దాటిన మనిషి, మందుల దుకాణంలో పని. తండ్రికి తినిపించాలని చూసి, చూసి, విసుగొచ్చి గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"ఒషెవా అంటే ఏంటమ్మా?" అని పిన్ని అడిగింది.

"నాకు తెలీదక్కా. మాకు ఆయన ఆ భాష నేర్పలేదు. బడిలో వెనకబడతామని ఇంట్లో ఒక్కమాట కూడా మాట్లాడనిచ్చేవాడు కాదు." కూతురు కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు చూడు, ఆయన్నే నేను అర్థం చేసుకోలేకపోతున్నా."

ఆ మాటను పిన్ని ఒక చీటీ మీద రాసుకుంది. కనపడ్డవాళ్ళనల్లా అడిగింది. వంటమనిషిని అడిగింది, కాపలాదారును అడిగింది, తన వీధిలో బొంతలు అమ్ముకునే ఆయన్ని అడిగింది. ఒకరు దేవుడి పేరన్నారు, ఒకరు భార్య పేరై ఉంటుందన్నారు. శుక్రవారం పొద్దున వెనక గుమ్మం దగ్గర మాసిన దుప్పట్లు లెక్కపెట్టి ఇస్తూ, దుప్పట్ల వ్యాను డ్రైవరును కూడా అడిగింది. అడగాలని కాదు, అప్పటికి నోటికి అలవాటైపోయింది.

డ్రైవరు మూట దించి ఆమె వైపు వింతగా చూశాడు.

"ఏది కాదు పిన్నీ?"

"ఏది కాదంటే?"

"ఒషెవా అన్నారుగా. నాది కాదు అని. మీరు పలకడం తప్పు గానీ, మాట మాదే. మా అమ్మ ఊరి మాట." అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేశాడు. "ఏమైంది?"

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని, వ్యాను తలుపు తీసి ఉండగానే, ఏడో గదికి తీసుకెళ్ళింది.

డ్రైవరు మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తమ భాషలో ఏదో పలకరించాడు. దర్జీ తాత కళ్ళు తెరిచాడు. చాలాసేపు అతని మొహంలోకే చూశాడు. తరవాత ఒక్కసారిగా మాటలు వచ్చాయి. మందు మత్తులో ముద్దముద్దగా, మధ్యలో గొంతు బొంగురుపోతూ వచ్చాయి. వేలు బుగ్గ మీద పెట్టి చూపించాడు.

"ఇవి నావి కావంటున్నాడు పిన్నీ. రోజూ ఎవరివో తెచ్చి నా నోట్లో కుక్కుతున్నారు, లోపల కోసుకుపోతోంది, చెప్తే వినరు, అంటున్నాడు." డ్రైవరు తల వంచుకున్నాడు. "నేనేం తప్పు చేశానని అడుగుతున్నాడు."

పిన్ని టార్చి వెలిగించి ఆయన నోరు తెరిచింది. పై చిగురుకు రెండు వైపులా పుండ్లు. ఒకటి చిక్కుడు గింజంత ఉంది. మూడు వారాలుగా టిక్కులు పెట్టినవాళ్ళెవరూ ఈ నోట్లోకి చూడలేదు. తిరిగొచ్చి ఇన్ని రోజులైనా తనూ చూడలేదు.

గ్లాసులోని పళ్ళు తీసి కిటికీ వెలుతురులో పెట్టుకుంది. ఆమె చేతులతో ఎన్నోసార్లు తోమిన పళ్ళవి. దర్జీ తాత కట్టుడు పళ్ళు పెట్టుకున్నాక కూడా దారాన్ని పంటితోనే తెంపేవాడు. ముందు పంటి అంచున సన్నని గాడి పడింది. తోమేటప్పుడు బ్రష్షు అక్కడ చిన్నగా పట్టేది. ఈ పళ్ళకు గాడి లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పోస్టుమాస్టరుగారిని తీసుకెళ్ళడానికి ముందురోజు, బుధవారం సాయంత్రం. ఒకరి పళ్ళు తోమి, వాళ్ళ గ్లాసులో పెట్టాకే రెండోవారివి తియ్యాలన్నది నియమం. ఆ రోజు మనుషులు తక్కువ. పని తెమలాలని ఏడో గది వాళ్ళిద్దరివీ ఒకే బేసినులో వేసింది. ఇంతలో వరండాలో ఎవరో పడిపోయిన చప్పుడు. తడిచేతులతో పరిగెత్తింది. తిరిగొచ్చి, రెండు గ్లాసుల్లో రెండు సెట్లు పెట్టి, మూతలేసి, ఇంటికి వెళ్ళిపోయింది.

వేరెవరో కాదు, తనే. ఆమె మంచం కమ్మీ పట్టుకుంది.

డ్రైవరు వెళ్ళిపోయాక హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళి, నోట్లో పుండ్లున్నాయని, పళ్ళు సరిపోవడం లేదని చెప్పింది. అంతవరకే చెప్పింది. హెడ్ నర్సు పిన్ని కన్నా పదేళ్ళు చిన్న. కష్టపడే మనిషే గానీ, పైవారం తనిఖీకి వస్తున్నారన్న దిగులుతో నాలుగు రోజులుగా కాగితాల్లోంచి తల ఎత్తడం లేదు.

"చిక్కిపోయాడుగా పిన్నీ, చిగుళ్ళు కుంచించుకుపోయి ఉంటాయి. మామూలే. పుండ్లకు పూత మందు రాయిస్తాను. తనిఖీ అయ్యాక కొలతలు తీయించి కొత్తవి చేయిద్దాం. నెలన్నర పడుతుందేమో."

"అలాగేనమ్మా," అంది పిన్ని.

అంత తేలిగ్గా దారి దొరికింది. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. చిగుళ్ళు కుంచించుకుపోయాయి, అంతే. పోస్టుమాస్టరుగారు ఎలాగూ లేరు. తేలుకుట్టిన దొంగలా ఆ పూటంతా పని చేసింది. మందుల బండి చక్రం కీచుమన్నా వెనక్కి తిరిగి చూసేది. ఎవరైనా "పిన్నీ" అని పిలిస్తే, తెలిసిపోయిందనుకునేది. పళ్ళు పెట్టకుండా పలచని జావ పట్టమని ఆయాలకు చెప్పింది. అదే పెద్ద ఉపకారం చేసినట్టు తనకు తాను సర్దిచెప్పుకోబోయింది. కుదరలేదు. మింగలేక కక్కలేక ఇంటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే భర్త టీ తాగుతూ ఆమె మొహం చూశాడు.

"ఏంటలా ఉన్నావు? జ్వరమా?"

చెప్పేసింది. గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పింది. అతను గ్లాసు కింద పెట్టాడు.

"బ్రేకు సరిగ్గా బిగించలేదని డౌటొస్తే బస్సును గేటు దాటనివ్వం," అన్నాడు. "దాటిపోయిందనుకో, పరిగెత్తయినా ఆపాలి. తిడతారు. తిడితే తిట్టనీ."

"ఉద్యోగం పోతే?"

"పోవచ్చు." అతనికి అబద్ధాలు ఆడటం చేతకాదు. "నీకు తోడుగా రమ్మంటే వస్తాను."

వద్దంది. దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచింది. హోమ్ గుమ్మం ఎక్కేసరికి కూడబలుక్కున్నదంతా ఎగిరిపోయింది. తనిఖీ దాకా ఆగుదాం, తరవాత చెబుదాం అనుకుంది. అలా అనుకున్న గంటలోపే ఏడో గదిలోంచి కేక వినపడింది.

కొత్త ఆయా మగతలో ఉన్న మనిషికి జావ పట్టింది. గుటక పడక అది గాలిగొట్టంలోకి పోయింది. పిన్ని వెళ్ళేసరికి దర్జీ తాత పెదాలు నీలంగా ఉన్నాయి. శబ్దం రాని దగ్గుతో ఒళ్ళు ఎగిరెగిరి పడుతోంది. ఆయన్ని ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో చరిచింది. హెడ్ నర్సు కఫం లాగే మిషను తెచ్చి గొంతులోంచి జావ లాగేసింది. ఊపిరి అందడానికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. పిన్నికి అది రెండు గంటల్లా గడిచింది. ఊపిరి అందాక ఆయన పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి తప్పువల్ల ఈ గతి పట్టిందో తెలియక, ఆ చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని, పిన్ని తిన్నగా నర్సుల గదిలోకి వెళ్ళింది. పొరపాట్ల రిజిస్టరు తీసి, నిలబడే రాసింది. ఏ రోజు, ఏ వేళ, ఏ బేసిను, ఎవరి పళ్ళు. కింద సంతకం పెట్టింది.

హెడ్ నర్సు చదివింది. మొహం తెల్లబోయింది.

"ఇది రాశాక ఇక నా చేతిలో ఉండదు పిన్నీ. తెలుసా?"

"తెలుసమ్మా."

"తనిఖీ బుధవారం. ఇంకో నాలుగు రోజులు ఆగలేకపోయారా?"

"ఆయన ఆగలేడు."

హెడ్ నర్సు కుర్చీలో కూలబడింది. కాసేపటికి, "ఆ మందు ఆపమని డాక్టరుగారికి ఫోన్ చేస్తాను," అంది. ఇంకాసేపటికి, "నోరు చూడాల్సింది నేను కూడా," అంది. ఆ తరవాత ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చింది. దర్జీ తాత పళ్ళు ఎక్కడున్నాయి?

ఆసుపత్రి వాళ్ళు పోస్టుమాస్టరుగారి వస్తువులన్నీ ఒక సంచిలో వేసి భార్యకు ఇచ్చారని తెలిసింది. ఆవిడ రిటైరైన టీచరు, వంతెన అవతల మేడ మీద వాటాలో ఒంటరిగా ఉంటోంది. హెడ్ నర్సు ఫోన్ చేసి, మీవారి వస్తువొకటి ఇక్కడ ఉండిపోయింది, మా మనిషి తెస్తుంది, అని మాత్రం చెప్పింది. అంతకుమించి ఫోన్‌లో నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం పోస్టుమాస్టరుగారి పళ్ళను డబ్బాలో పెట్టుకుని పిన్ని మెట్లెక్కింది. మూడో అంతస్తు. ప్రతి మలుపులోనూ ఆగింది. మోకాళ్ళ నొప్పి అనుకుంటారులే అనుకుంది గానీ, చూసేవాళ్ళెవరూ లేరు.

టీచరుగారు తలుపు తీశారు. పొట్టి మనిషి, శుభ్రంగా దువ్విన తెల్లజుట్టు. "ఆయన చేతిగడియారమా?" అని ఆశగా అడిగారు. "అది కనపడక ఇల్లంతా వెతికాను."

"కాదమ్మా. కూర్చోండి, చెబుతాను."

"నేను కూర్చోవాలా?" ఆవిడ ఆమె మొహం చూసి, నిజంగానే కూర్చున్నారు.

పిన్ని డబ్బా బల్ల మీద పెట్టి చెప్పింది. తన పేరు చెప్పుకుంది. బేసిను సంగతి దాచలేదు. టీచరుగారు చివరిదాకా విన్నారు. అంతా అయ్యాక లేచి లోపలికి వెళ్ళి, చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చారు. అందులో ఉన్నవాటిని పిన్ని ముట్టుకోకముందే గుర్తుపట్టింది. ముందు పంటి అంచున గాడి.

"ఆసుపత్రిలో నాలుగు రోజులూ ఇవి తీసెయ్యమని సైగ చేశారు," అన్నారు టీచరుగారు. గొంతు పెరగలేదు. "చూడ్డానికి మనుషులొస్తున్నారు. బోసినోటితో ఎలా ఉంటారండీ, కాసేపు ఓర్చుకోండి అని నేనే పెట్టించాను. రోజూ నేనే పెట్టాను."

పిన్నికి ఓదార్పు మాట ఒక్కటీ తోచలేదు. తోచినా ఆ మాట అనే అర్హత తనకు లేదనిపించింది.

"నలభై ఆరేళ్ళు ఆయన పక్కన ఉన్నదాన్ని. ఆయన నవ్వు మారిందని కూడా నేను పట్టుకోలేదు." ఆవిడ పిన్ని తెచ్చిన డబ్బా మూత తీసి, చూసి, మూసేశారు. "మీరు చెప్పకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు."

"అవునండీ."

"మరెందుకు చెప్పారు? నా మనశ్శాంతి పోగొట్టడానికా?"

"ఆ రెండో ఆయన బతికే ఉన్నాడమ్మా. తినాలి. ఆయన పళ్ళు మీ దగ్గరున్నాయి."

టీచరుగారు లేచి, భర్త పళ్ళ డబ్బాను అలమరలో పెట్టి వచ్చారు. తరవాత గాడి ఉన్న పళ్ళ డబ్బాను బల్ల మీదుగా ఇవతలికి జరిపారు.

"తీసుకెళ్ళండి. కానీ నేను ఫిర్యాదు రాస్తాను. మీ ఒక్కరి మీదే కాదు. మీ మీద కూడా."

"రాయండమ్మా," అంది పిన్ని. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చుండిపోయింది. డబ్బాను రెండు చేతులతోనూ ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

దర్జీ తాత కూతురికి కూడా తనే చెప్పింది. ఆ అమ్మాయి అరవలేదు. "తిను నాన్నా, మొండికెయ్యకు అని నేను కూడా తిట్టాను కదా," అని మాత్రం అంది. ఆ రోజు నుంచి అక్కా అని పిలవడం మానేసింది. పిన్ని ఎదురొస్తే తల తిప్పుకుని వెళ్ళేది. అది న్యాయమే అనిపించేది పిన్నికి. అయినా ప్రతి ఆదివారం ఆ అమ్మాయి వచ్చే వేళకు గుమ్మం వైపు చూసేది.

పుండ్లు మానడానికి పన్నెండు రోజులు పట్టింది. మందు మత్తు అంతకుముందే దిగిపోయింది. పదమూడోరోజు హెడ్ నర్సే స్వయంగా పళ్ళు పెట్టింది. ఆయన దవడ అటూ ఇటూ కదిపాడు. నాలుక ముందు పంటి మీదికి పోయింది, గాడి దగ్గర ఆగింది. చెంచా తనే అందుకుని గిన్నె ఖాళీ చేశాడు. పిన్ని దాన్ని తలుపు సందులోంచి చూసింది. అప్పటికే ఆమెను రోగుల దగ్గరికి వెళ్ళవద్దన్నారు.

విచారణ నెలరోజులు సాగింది. టీచరుగారి ఫిర్యాదు నాలుగు పేజీలు, అక్షరం అక్షరం గుండ్రంగా ఉంది. వచ్చినవాళ్ళు ఒక్క ఏడో గదితో ఆగలేదు. హోమ్‌లో కట్టుడు పళ్ళున్న వాళ్ళందరి నోళ్ళూ తెరిచి చూశారు. ఇంకో ముగ్గురి నోళ్ళలో పుండ్లు బయటపడ్డాయి. మత్తు మందు మింగుతున్న వాళ్ళలో ఒకావిడకు చెవిలో చీము. ఆవిడదీ ఎవరికీ రాని భాషే. గోడ మీది బొమ్మల అట్ట మాత్రం ప్రతి గదిలోనూ కొత్తగా మెరుస్తోందని నివేదికలో రాశారట. మెచ్చుకుంటూ రాశారో, వెక్కిరిస్తూ రాశారో హెడ్ నర్సుకే అర్థం కాలేదు. పొరపాటు ఒకరిదే గానీ, దాన్ని మూడు వారాలు చూడకపోవడం అందరిదీ అని తేల్చారు. ఫైళ్ళలో 'ఇతర' అన్న మాట కొట్టేసి భాష పేరు రాయించారు. ఆ భాష వచ్చిన మనిషి ఫోన్ నంబరు కూడా పక్కన ఉండాలన్నారు.

పిన్నికి హెచ్చరిక కాగితం ఇచ్చారు. మూడు నెలలు దుప్పట్ల గదిలో పని. ఉద్యోగం పోలేదు. పోతుందని అన్నాళ్ళు వణికి, పోలేదని తెలిశాక ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాడు భర్త. అలా జరగలేదు. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడు కూడా ఒకటి కడిగి, తుడిచి, అలమరలో పెట్టాకే రెండోది ముట్టుకునేది. తలుపు తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి లాగి చూసేది. పదమూడేళ్ళూ ఏ పేరు చూసుకుని బతికిందో ఆ పేరు పోయింది. పోతే తేలికవుతానని ఎప్పుడైనా అనుకుందేమో, అదీ కాలేదు.

దుప్పట్ల గదిలో ఉన్న మూడు నెలల్లో వ్యాను డ్రైవరు దగ్గర ముప్పై నలభై మాటలు నేర్చుకుంది. మూటలు దించుతూ ఒకటి, ఎక్కిస్తూ ఒకటి. నొప్పి, చలి, దాహం, మెల్లగా, ఇక్కడా? ఆమె పలుకుతుంటే అతను మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. "మెల్లగా అనమంటే మేకపిల్ల అంటున్నారు పిన్నీ. మేకపిల్లా, మేకపిల్లా అని తాతను మంచం మీంచి దింపుతారా ఏం?" పిన్ని నవ్వేది గానీ, సరిగ్గా వచ్చేదాకా అతన్ని వ్యాను ఎక్కనిచ్చేది కాదు.

గడువు తీరాక ఆమెను మళ్ళీ కింది అంతస్తులోకి పంపారు. మొదటిరోజు మధ్యాహ్నం ఏడో గదిలోకి వెళ్ళింది. దర్జీ తాత కొంచెం ఒళ్ళు చేశాడు. దుప్పటి అంచు మడిచి పెట్టి ఉంది. ఆమెను గుర్తుపట్టాడో లేదో తెలియదు గానీ, చూడగానే మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆగకుండా మాట్లాడాడు. చెయ్యి ఊపాడు, ఒకచోట గొంతు తగ్గించాడు, ఒకచోట కోపంగా మంచం కమ్మీ మీద కొట్టాడు. పిన్నికి తెలిసిన మాట ఒక్కటీ అందులో లేదు.

ఆమె నొప్పా అని ఆయన భాషలో అడిగింది. ఆయన పట్టించుకోలేదు. నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. చిగుళ్ళు శుభ్రంగా ఉన్నాయి. చెవులు చూసింది, వీపు చూసింది, మడమలు నొక్కి చూసింది, కాలిగోళ్ళు చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టింది. ఎక్కడా ఏమీ లేదు. డ్రైవరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. దారిలో ఉండి ఉంటాడు. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. అది బాధో, పాత సంగతో, ఎవరి మీదో ఫిర్యాదో, కేవలం ఆనాటి ఎండ గురించో ఆమెకు తెలియలేదు.

కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. మాటలు అయిపోయేదాకా కూర్చుంది. ఆయన చివరికి అలసిపోయి, ఆమె వైపు ఒకసారి తలాడించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు ఫైలు తీసి రాసింది: 'మధ్యాహ్నం చాలాసేపు మాట్లాడారు. నాకు అర్థం కాలేదు. నొప్పి ఎక్కడా కనపడలేదు. మళ్ళీ చూడాలి.'

రాసి బయటికి వచ్చి, పక్క గదిలో పని అందుకుంది. అది పూర్తి కాకుండానే మళ్ళీ వెళ్ళి చూసింది.